పాత మారుతికి కొత్త రేడియేటర్: ముందుగా నీళ్ల సంగతి

మన ప్రాంతంలో పాత కార్ల రేడియేటర్లు వయసు మీరి పాడయ్యేదానికంటే, ఏళ్ల తరబడి వాటిలో పోసిన నీళ్ల వల్ల పాడయ్యేదే ఎక్కువ అని నేను నమ్ముతాను. గుంటూరులో మా ఇంట్లో ఉన్న 2004 నాటి మారుతి 800కు ఇటీవల రేడియేటర్ కారడం మొదలైంది. కారును ఇంటి ముందు నీడలో నిలిపి, మా అబ్బాయి సాయంతో పాతది విప్పి కొత్తది బిగించాను. విప్పడం, బిగించడం ఈ పనిలో చిన్న భాగాలే. కారుతున్నది ఎక్కడో తేల్చుకోవడం, లోపల పేరుకున్న మడ్డిని కడగడం, తగిన ద్రవాన్ని గాలి మిగలకుండా నింపడం అనే మూడు పనుల మీదే కొత్త రేడియేటర్ ఎన్నాళ్లు నిలుస్తుందనేది ఆధారపడి ఉంటుంది. ఈ మూడూ తీరికగా చేయాల్సినవి కాబట్టే వీటిని ఇంట్లో చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మారుతి 800 గురించి తెలియనివారు మనలో అరుదు. 1983 డిసెంబరులో మొదటి కారు రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. మూడు సిలిండర్లు, 796 సీసీ సామర్థ్యం, ఇనుప బ్లాకు, దాని మీద అల్యూమినియం హెడ్డు, ఇదీ దాని ఇంజను. రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది, వాటర్ పంపును మాత్రం ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే తిప్పుతుంది. బానెట్ ఎత్తితే ప్రతి భాగానికీ చెయ్యి అందుతుంది కాబట్టి ఇంటి పనికి ఇంతకంటే అనువైన కారు మరొకటి దొరకదు. పదిహేనేళ్లు నిండాక ఆర్‌టీఓ కార్యాలయంలో చూపించి మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్న కారు ఇది. నాన్నగారు కొన్నది, ఇంకా చాలాకాలం నడవాలని మా అందరి కోరిక.

రేడియేటర్ కారడం అన్నిసార్లూ కింద నీటి మడుగులా కనిపించదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వ్యవస్థలో ఒత్తిడి ఉండదు కాబట్టి సన్నని చీలిక మూసుకున్నట్టే ఉంటుంది. వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడు అక్కడి నుంచి చెమ్మ బయటికి వస్తుంది, వచ్చిన చెమ్మ వేడి లోహం మీద అక్కడికక్కడే ఆవిరైపోతుంది. అందుకే కారు కింద నేల పొడిగా ఉన్నా అదనపు ద్రవం నిలిచే రిజర్వాయరు సీసాలో మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. మా కారులో జరిగింది ఇదే. టార్చి వేసి చూస్తే, పైనున్న ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోరుతో (సన్నని గొట్టాలూ రెక్కలూ ఉన్న మధ్య భాగంతో) కలిసే అంచున, లోహపు పళ్లను వంచి నొక్కిన చోట, ఒక మూల పచ్చటి పొడి గట్టిపడి కనిపించింది. కూలెంట్ అంటే ఇంజను చల్లబడటానికి నీళ్లతో కలిపి రేడియేటర్‌లో పోసే ద్రవం, అది కారి అందులోని నీరు ఆవిరైపోతే మిగిలే పొడి ఇది. వేలితో రుద్దితే కాస్త జిడ్డుగా తగిలి, తియ్యటి వాసన వేసింది. అప్పటికీ అంతటితో తృప్తిపడకూడదు. వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, పంపు సీలు పోతే నీరు అక్కడి నుంచి కారుతుంది. ఆ రంధ్రం పొడిగా ఉందో లేదో చూడాలి. హోస్ పైపుల చివర్లు, ఇంజను ఆయిల్ మూత అడుగుభాగం కూడా చూడాలి. మూత కింద పాలమీగడ లాంటి తెల్లటి పదార్థం గట్టిగా పట్టి ఉన్నా, ఇంజను నడుస్తుండగా రేడియేటర్ మెడలో బుడగలు ఆగకుండా వస్తున్నా, హెడ్ గాస్కెట్ (బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే పలచటి సీలు) పోయిందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు రేడియేటర్ మార్చడం వల్ల ఉపయోగం ఉండదు.

ఇక్కడే డ్యాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాన్ని నమ్మి ఇంజన్లు పోగొట్టుకున్నవారిని చూశాను. ఆ ముల్లుకు సంకేతం పంపే సెన్సారు కూలెంట్‌లో మునిగి ఉన్నంతవరకే సరైన వేడిని చెబుతుంది. నీళ్లు బాగా తగ్గిపోయి సెన్సారు చుట్టూ ఆవిరి, గాలి మాత్రమే మిగిలితే, ఇంజను మాడిపోతున్నా ముల్లు మధ్యలోనే నిలబడవచ్చు, కొన్నిసార్లు కిందికి కూడా దిగవచ్చు. అల్యూమినియం హెడ్డు వేడికి వంగిపోయాక దాన్ని లేత్ షాపుకు తీసుకెళ్లి ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), కొత్త గాస్కెట్ వేయించేసరికి అయ్యే ఖర్చు ఒక రేడియేటర్ ఖరీదుకు ఎన్నో రెట్లు. కాబట్టి కారుతున్నట్టు తెలిసిన రోజు నుంచి కొత్తది బిగించే రోజు వరకు, ముల్లు ఎక్కడున్నా సరే, బండి బయటికి తీసే ముందు చల్లటి ఇంజను మీద మూత తీసి మట్టం చూసుకోవాలి.

కారడం మొదలైందని తెలియగానే చుట్టుపక్కలవాళ్లు ప్రేమగా ఇచ్చే సలహా పసుపు. "గుప్పెడు పసుపు వెయ్యరా, ఇట్టే ఆగిపోతుంది" అని మా బాబాయి ఫోనులోనే చెప్పారు. లారీ డ్రైవర్లు ఈ ఉపాయాన్ని తరతరాలుగా వాడుతున్నారు, అది పనిచేయదని నేను అనను. నీళ్లతో పాటు తిరిగే పసుపు పొడి చీలిక దగ్గర చేరి, ఉబ్బి, దాన్ని పూడ్చుతుంది. అడవి దారిలో అర్ధరాత్రి చిక్కుకున్నవాడికి ఇల్లు చేరడానికి అది నిజమైన సాయమే. అయితే ఆ పొడికి చీలిక ఏదో, దారి ఏదో తెలియదు. రేడియేటర్ గొట్టాల లోపలి సందు చాలా ఇరుకు, ఇప్పటికే సున్నం పట్టి ఇంకా ఇరుకైన పాత గొట్టాల్లో అదే పసుపు అడ్డుపడుతుంది. అంగట్లో దొరికే లీకు ఆపే పొడులూ, ద్రవాలూ కూడా ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి కాబట్టి వాటికీ ఇదే అభ్యంతరం. బయటి నుంచి పూసే ఎం-సీల్ ఒత్తిడికి, వేడికి నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. బాబాయి మాట కాదన్నందుకు ఆయన కొంచెం నొచ్చుకున్నారు గానీ, గొట్టాల సంగతి వివరించాక ఒప్పుకున్నారు.

బాగుచేయించుకునే వీలుందేమో కనుక్కుందామని రేడియేటర్‌ను విప్పాక విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. అక్కడ రేడియేటర్ పని మాత్రమే చేసే షాపులు ఉన్నాయి. గాలి గొట్టం తగిలించి నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చే చోటును ఒక్క నిమిషంలో పట్టేస్తారు. నేను అనుమానించిన మూల నుంచే బుడగలు వరుసగా పైకి వచ్చాయి, దానితో పాటు కోరు మధ్యలో ఒక గొట్టం నుంచి కూడా సన్నగా వచ్చాయి. ఆ షాపు పెద్దాయన రేడియేటర్‌ను తిప్పి చూసి, "ఇత్తడిదైతే సాయంత్రానికల్లా చేసిచ్చేవాణ్ణండి. ఇది అల్యూమినియం, పైన ప్లాస్టిక్కు. దీనికి మాటు వేసినా ఎండాకాలం దాటదండి" అన్నారు. పని పోతుందని తెలిసి కూడా ఉన్నమాట చెప్పినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఆయన మాటలో ఒక పెద్ద మార్పు ఉంది. పాతకాలపు అంబాసిడర్లు, పద్మినులు, లారీలు, ట్రాక్టర్లు వాడిన రేడియేటర్లలో గొట్టాలు ఇత్తడివి, రెక్కలు రాగివి, పైనా కిందా ట్యాంకులు ఇత్తడివి. అన్నిటినీ సీసం, తగరం కలిపిన మాటుతో అతికేవారు. ట్యాంకును కాల్చి విడదీసి, ఒక్కో గొట్టంలో సన్నని రాడ్డు దూర్చి మడ్డి అంతా తోసేసి, తిరిగి మాటు వేస్తే ఆ రేడియేటర్ మరో పదేళ్లు పనిచేసేది. అల్యూమినియం అలా కాదు. గాలి తగలగానే దాని మీద గట్టి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, మామూలు మాటు దానికి పట్టదు. గొట్టం గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి వెల్డింగు వేడికి కరిగి తూటు పడుతుంది. పైనున్న ప్లాస్టిక్ ట్యాంకు ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ పెళుసుబారుతుంది. రాగి వేడిని అల్యూమినియం కంటే బాగా ప్రసరింపజేస్తుందన్నది నిజమే గానీ, అల్యూమినియంది తేలిక, చవక, తయారీ సులభం. అందుకే కార్లన్నీ అటు మళ్లాయి. మళ్లాక బాగుచేసే విద్యకు పని తగ్గిపోయింది, మంచి నీళ్లు పోయాల్సిన అవసరం మాత్రం ఇంతకు ముందుకంటే పెరిగింది. పాత ఇత్తడి రేడియేటర్ బోరు నీళ్లను భరించేది, పాడైనా బాగుపడేది. పలచటి అల్యూమినియం గొట్టానికి ఆ రెండో అవకాశం లేదు.

కోరు మధ్యలోని గొట్టం ఎందుకు తూటు పడిందో తెలుసుకోవాలని, రేడియేటర్‌ను తుక్కుకు వేసే ముందు ప్లాస్టిక్ ట్యాంకు అంచున ఉన్న లోహపు పళ్లను ఒక్కొక్కటిగా లేపి ట్యాంకు ఊడదీశాను. గొట్టాల నోళ్లు వరుసగా కనిపించాయి. కొన్నిటి అంచుల చుట్టూ గీజరు రాడ్డు మీద పట్టే సున్నం లాంటి తెల్లటి గట్టి పొర ఉంది, కొన్నిటిలో ఎర్రటి తుప్పు మడ్డి ఉంది, ఒక చివరన నాలుగైదు గొట్టాలు పూర్తిగా పూడిపోయి ఉన్నాయి. ఈ మూడూ నీళ్ల వల్ల వచ్చినవే. మా ప్రాంతపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు ఎక్కువ. నీళ్లు వేడెక్కినప్పుడు అవి కార్బనేట్లుగా మారి గోడలకు పట్టుకుంటాయి. ఎక్కడ వేడి ఎక్కువో, అంటే ఇంజను హెడ్డులో కవాటాల చుట్టూ, అక్కడే ఈ పొర ముందుగా పడుతుంది. వేడి బయటికి పోవాల్సిన చోటే వేడిని అడ్డుకునే పొర చేరుతుందన్నమాట. ఇక ఉప్పు నీళ్లలోని క్లోరైడ్లు అల్యూమినియం మీద రక్షణగా ఉండే ఆక్సైడ్ పొరను చిన్న చిన్న చుక్కలుగా ఛేదించి, లోహాన్ని సూది పొడిచినట్టు తొలుస్తాయి. ఎర్రటి తుప్పు ఇనుప బ్లాకు నుంచి వచ్చింది. కూలెంట్‌లో ఉండే తుప్పు నిరోధక రసాయనాలు కాలక్రమంలో ఖర్చయిపోతాయి. పెట్రోలు బంకులోనో, దారి పక్క టీకొట్టు దగ్గరో మగ్గుతో పోయించుకున్న నీళ్లు వాటిని ఇంకా పలచన చేస్తాయి. మనం చూసేటప్పటికి లోపల ఆకుపచ్చ రంగు మిగిలి ఉంటుంది గానీ రక్షణ మిగలదు. రంగును చూసి కూలెంట్ బాగుందనుకోవద్దని నేను మరీ మరీ చెప్పేది అందుకే.

కొత్త రేడియేటర్ కొనడానికి అదే ఆటోనగర్‌లో విడిభాగాల షాపుకు వెళ్లాను. పాతదాన్ని వెంట తీసుకెళ్లడం వల్ల పని తేలికైంది. మారుతి 800లో కాలాన్ని బట్టి, ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి రేడియేటర్లు మారతాయి. రెండిటినీ కౌంటరు మీద పక్కపక్కన పడుకోబెట్టి, పైపు మెడల లావు, అవి తిరిగి ఉన్న దిక్కు, ఫ్యాను బిగించే రంధ్రాల దూరం, కింద రబ్బరు బుష్షుల్లో కూర్చునే బొడిపెలు, డ్రెయిన్ ప్లగ్గు ఉన్న వైపు, అన్నీ సరిచూసుకున్నాను. కంపెనీ భాగం కాకపోయినా పేరున్న తయారీదారుదైతే నేను కొన్నప్పుడు రెండు వేలకు పైన, నాలుగు వేలకు లోపు దొరికేది. దానితో పాటు పై హోసు, కింది హోసు, కొత్త క్లిప్పులు, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే కవాటం), రేడియేటర్ మూత కూడా కొన్నాను. పాత హోసును వేళ్లతో నొక్కితే గట్టిగా పెళపెళలాడినా, మరీ మెత్తగా నొక్కుకుపోయినా దాని ఆయువు తీరినట్టే. కొత్త రేడియేటర్‌కు పాత హోసులు తగిలించి కొన్ని వందల రూపాయలు మిగిల్చుకోవడం ఎందుకూ కొరగాని పొదుపు.

విప్పే పని రాత్రంతా చల్లారిన ఇంజను మీద మొదలుపెట్టాలి. వేడి ఇంజను మీద రేడియేటర్ మూత తీయడం ఎంత ప్రమాదమో కొంచెం వివరంగా చెబుతాను. మా కారు మూత మీద 0.9 అని ఉంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి వరకు అది మూసి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు మరగడానికి దాదాపు 118 డిగ్రీలు కావాలి. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పడిపోతుంది, వంద డిగ్రీలు దాటి ఉన్న నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై మిగతా నీళ్లను ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ కప్పి తిప్పినా చేతులు కాలినవాళ్లు ఉన్నారు. పై హోసును చేత్తో పట్టుకుంటే చల్లగా, మెత్తగా ఉన్నప్పుడు మాత్రమే మూత తీయాలి.

ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. కింద వెడల్పాటి టబ్బు పెట్టి, డ్రెయిన్ ప్లగ్గు విప్పి, మూత తీస్తే ద్రవం ధారగా పడింది. ప్లగ్గు ప్లాస్టిక్కుది కాబట్టి దాన్ని చేత్తోనే తిప్పాలి. ఆ తర్వాత ఫ్యాను కనెక్టరు విడదీసి, పది నంబరు స్పానర్‌తో ఫ్యాను బోల్టులు తీసి, ఫ్యానును దాని చట్రంతో సహా పైకి లాగాను. ఏళ్ల తరబడి కదలని హోసు పైపులు మెడలకు అంటుకుపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే థర్మోస్టాట్ హౌసింగ్ మెడ మీద గీతలు పడతాయి, అక్కడ మళ్లీ కారుతుంది. ఎలాగూ కొత్త హోసులు ఉన్నాయి కాబట్టి పాతవాటిని కట్టర్‌తో పొడవునా కోసి అరటి తొక్కలా ఒలిచేశాము. మా కారులో రేడియేటర్ ముందు ఏసీ గ్యాసును చల్లబరిచే కండెన్సర్ ఉంది. దాని గొట్టాల జోలికి అసలు పోకూడదు, గ్యాసు ఒత్తిడి మీద ఉంటుంది. ఒక అట్టముక్కను కోసి కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దించి, పక్క బోల్టులు తీసి, రేడియేటర్‌ను నిటారుగా పైకి లేపాము. ఆ అట్టముక్క లేకపోతే పలచటి రెక్కలు రెండు వైపులా వంగిపోతాయి. బయటపడ్డ కండెన్సర్ వెనుక భాగంలో ఏళ్ల నాటి దుమ్ము, పురుగుల రెక్కలు, పత్తి పీచు దట్టంగా పట్టి ఉన్నాయి. మెత్తటి బ్రష్షుతో, తక్కువ ధారతో ఇంజను వైపు నుంచి ముందుకు కడిగితే అన్నీ రాలిపోయాయి. కారు నిలబడి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం తగ్గడానికి ఇదే కారణమై ఉండాలి.

ఇక థర్మోస్టాట్. మన ఊళ్లలో చాలామంది మెకానిక్కులు దాన్ని పీకి పారేస్తారు. "మన ఎండలకు ఇదెందుకండీ" అంటారు. రెంటచింతల ఎండలు ఎరిగిన గుంటూరు వాళ్లకు ఆ మాట నచ్చుతుంది కూడా. కానీ అది తప్పు సలహా. థర్మోస్టాట్ లోపలి మైనపు గుళిక సుమారు 82 డిగ్రీల దగ్గర కరిగి వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్లు ఇంజనులోనే తిరుగుతాయి కాబట్టి ఇంజను త్వరగా తన వేడికి వస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజను చాలాసేపు చల్లగానే నడుస్తుంది. ఎంపీఎఫ్ఐ కారులో, అంటే పెట్రోలును కంప్యూటర్ కొలిచి చిమ్మే కారులో, ఆ కంప్యూటర్ ఇంకా వార్మప్ దశే అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, మైలేజీ పడిపోతుంది. మా కారులోనూ ఎప్పుడో ఎవరో దాన్ని తీసేశారు, హౌసింగ్ విప్పి చూస్తే ఖాళీగా ఉంది. కొత్తది బిగించే ముందు పరీక్షించాము. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటరు పెట్టి స్టవ్ మీద వేడిచేశాము. ఎనభై దాకా కదలిక లేదు. ఆ తర్వాత రెండు మూడు డిగ్రీలకే అంచున వెంట్రుకంత సందు కనిపించింది, తొంభై దాటేసరికి కవాటం బాగా విచ్చుకుంది. మంట ఆపితే మళ్లీ నెమ్మదిగా మూసుకుంది. మా అబ్బాయి ఆ గిన్నె పక్కనే కూర్చుని అది తెరుచుకోవడం, మూసుకోవడం మళ్లీ మళ్లీ చూశాడు. దాన్ని బిగించేటప్పుడు గాలి పోవడానికి అంచున ఉండే చిన్న పిన్ను పై వైపుకు రావాలి.

రేడియేటర్ లేని ఆ సమయమే ఇంజను బ్లాకును కడగడానికి సరైన అదను. థర్మోస్టాట్ పెట్టకముందే పై హోసు మెడలో నీళ్ల పైపు పెట్టి తక్కువ ధారతో వదిలితే, కింది మెడ నుంచి మొదట కాఫీ రంగులో, తర్వాత లేత ఎరుపులో, చివరికి తేటగా నీళ్లు వచ్చాయి. మళ్లీ కింది నుంచి పైకి వదిలితే మరికొంత మడ్డి కదిలింది. ఇలా అటూ ఇటూ మార్చి నీళ్లు పూర్తిగా తేటపడేదాకా కడిగాము, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో తొలిపాము. యాసిడ్ కలిపిన క్లీనర్లు నేను వాడలేదు. పాత వాటర్ పంపు సీళ్లకు, పలచబడ్డ లోహానికి వాటివల్ల మేలుకంటే కీడే ఎక్కువని నా ఉద్దేశం.

బిగించడం విప్పినదానికి తలకిందుల వరుస. కింది రబ్బరు బుష్షుల్లో బొడిపెలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలి, లేకపోతే గతుకుల రోడ్ల మీద అదురుకు కొత్త ట్యాంకు కూడా పగులుతుంది. హౌసింగ్ మెడ మీద పట్టిన పొక్కులను సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేశాకే హోసు ఎక్కించాలి. ప్లాస్టిక్ మెడల మీద క్లిప్పును బలం కొద్దీ బిగించకూడదు, రబ్బరు క్లిప్పు సందుల్లోంచి ఉబ్బి కనిపించిందంటే ఎక్కువైనట్టే.

నింపే ద్రవం విషయంలో లెక్క ముఖ్యం. ఈ ఇంజనుకు మొత్తం మీద మూడున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది, కానీ కడిగాక కొంత నీరు బ్లాకులోనే నిలిచి ఉంటుంది. నీళ్లు కలిపి అమ్మే సిద్ధపు కూలెంట్‌ను అప్పుడు పోస్తే ఆ నిలిచిన నీళ్లతో అది పలచబడిపోతుంది. అందుకని నేను నీళ్లు కలపని కాన్సన్‌ట్రేట్ కొని, మొదట లీటరున్నర దాన్ని పోసి, మిగతా ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపాను. దానితో మిశ్రమం నలభై శాతం దాటుతుంది. గడ్డకట్టే చలి లేని చోట కూడా కూలెంట్‌లోని ముఖ్య పదార్థమైన ఇథిలీన్ గ్లైకాల్ కనీసం ముప్పై శాతం ఉండాలని సుజుకి మాన్యువళ్లు చెబుతాయి. మనకు చలి భయం లేకపోయినా తుప్పు నుంచి రక్షణ కావాలి, మరిగే స్థానం పెరగాలి, పంపుకు కొంత జారుడు కావాలి. అలాగని ముప్పాతిక వంతు కాన్సన్‌ట్రేట్ పోస్తే లాభం లేదు, గ్లైకాల్ నీళ్లంత బాగా వేడిని మోయలేదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో చవకగానే దొరుకుతుంది. ఇళ్లలో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవారున్నారు. వాటిలో ఖనిజాలు తక్కువన్నది నిజమే గానీ ఏసీ లోపలి దుమ్ము, లోహపు ఆనవాళ్లు కూడా వస్తాయి కాబట్టి నేను పోయను.

గాలి తీయడానికి కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండాలి, మా ఇంటి ర్యాంపు అందుకు సరిపోయింది. మెడ దాకా నింపి, పై హోసును పిసుకుతూ ఉంటే బుడగలు బుళుక్కుమంటూ వచ్చాయి, మట్టం దిగింది, మళ్లీ పోశాను. మూత పెట్టకుండానే ఇంజను స్టార్టు చేసి ఐడిల్‌లో వదిలాము. కొంతసేపటికి పై హోసు ఒక్కసారిగా వేడెక్కింది, అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. ఆ క్షణంలో మట్టం గభాలున పడిపోతుంది, తయారుగా ఉంచుకున్న మిశ్రమాన్ని వెంటనే పోయాలి. బుడగలు ఆగాక మూత పెట్టి, ఫ్యాను దానంతటది తిరగడం, తిరిగి ఆగడం చూశాకే ఇంజను ఆపాను. ఫ్యాను తిరగకుండా ముల్లు పైకి పోతుంటే వెంటనే ఆపి, దాని స్విచ్చునూ ఫ్యూజునూ చూడాలి. మరునాడు ఉదయం రిజర్వాయరు సీసాలో మట్టం కొంచెం తగ్గి ఉంది. మూతలోని రెండో కవాటం సరిగ్గా పనిచేసి, చల్లారేటప్పుడు ఏర్పడ్డ శూన్యానికి సీసాలోంచి ద్రవాన్ని లోపలికి లాక్కుందన్నమాట. ఆ చిన్న కవాటం పాడైతే చల్లారిన ఇంజను మీద పై హోసు లోపలికి అణగిపోయి కనిపిస్తుంది, చాలామంది దాన్ని హోసు తప్పనుకుని హోసు మారుస్తారు.

టబ్బులో పట్టిన పాత కూలెంట్‌ను ఆ రోజే మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి ఎత్తిపెట్టాము. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధికుక్కలు, పిల్లులు దాన్ని నాకి మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి, పిల్లలకూ అంతే ప్రమాదం. డ్రైనేజీలోకో, చెట్ల మొదళ్లకో ఒంపడం తగదు. వాడేసిన ఆయిల్, కూలెంట్ పోగుచేసి పంపే సర్వీసు సెంటర్లు ఉన్నాయి, అడిగితే తీసుకుంటారు.

రేడియేటర్ మార్చాక ఇంజను బాగా వేడెక్కి చల్లారిన మొదటి కొన్నిసార్ల తర్వాత హోసు క్లిప్పులను ఒకసారి అర చుట్టు బిగించాలి, కొత్త రబ్బరు వేడికి కొంచెం సర్దుకుంటుంది. బానెట్ లోపలి వైపు ఒక స్టిక్కరు మీద పోసిన తేదీ, కూలెంట్ రకం, నీళ్ల పాలు రాసి అంటించాను. డిక్కీలో అదే మిశ్రమం ఒక లీటరు సీసా ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో ఎవరు కారు తీసినా, మట్టం తగ్గితే ఆ సీసాలోదే పోయాలి. అది కూడా అయిపోయి తప్పనిసరైతే దుకాణంలో తాగేనీళ్ల సీసా కొని పోయవచ్చు గానీ బోరు నీళ్లు పోయకూడదని అందరికీ చెప్పి ఉంచాను.